చూస్తే టెన్షన్, చూడకపోతే భయం

ప్రశ్న: మేడమ్, నాకు 44 ఏళ్లు. ఉద్యోగం, భార్య, ఇద్దరు పిల్లలు, చెప్పుకోదగ్గ ఇబ్బందులేమీ లేవు. కానీ కొన్నేళ్లుగా వార్తలు వదల్లేకపోతున్నాను. కళ్లు తెరవగానే ఫోన్, ఆఫీసులో మీటింగ్ మధ్యలో ఫోన్, రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్లీ ఫోన్. ఎక్కడో యుద్ధం మొదలైందని చదివితే అది మన దాకా వస్తే పిల్లల గతేమిటని ఆలోచిస్తూ తెల్లారిపోతుంది. ఎన్నికలప్పుడైతే ఇక చెప్పక్కర్లేదు. ఎవరు గెలుస్తారు, ఏ చట్టం తెస్తారు, ఉద్యోగాలు ఉంటాయా ఊడతాయా, ఒకటి తేలేలోపు ఇంకొకటి. వాట్సాప్ గ్రూపులో మా అన్నయ్యతో రాజకీయాల మీద గొడవైంది, అప్పట్నుంచి మాటల్లేవు. మా ఆవిడ ఆ ఫోన్ అవతల పారేయండి అంటుంది. దేశం ఏమైపోతోందో పట్టించుకోకుండా ఎలా ఉంటాం? ఇది జబ్బేనా? వార్తలు పూర్తిగా మానేయాలా? మానేస్తే నేను బాధ్యత లేనివాణ్ని అయిపోనా?
— పేరు వేయొద్దన్న పాఠకుడు

జవాబు: మూడు ప్రశ్నలడిగారు గానీ మిమ్మల్ని పీడిస్తున్నది చివరిదేనని నాకనిపిస్తోంది, అందుకే దానితోనే మొదలుపెడతాను. దేశం గురించీ పక్కవాళ్ల గురించీ మీకున్న పట్టింపు మంచిది, దాన్ని తగ్గించుకోమని ఎవరు చెప్పినా వినకండి. కానీ రాత్రి రెండింటికి మీరు ఫోన్ తీసి చూడటం వల్ల ఆ యుద్ధంలో ఎవరికైనా మేలు జరిగిందా, ఒక్క ఓటైనా అటూ ఇటూ అయిందా? లేదు కదా, పోయింది మీ నిద్రే. ఆందోళన పడుతున్నంతసేపూ మనం ఆ విషయంలో ఏదో చేస్తున్నామన్న భావన కలుగుతుంది, పడటం మానేస్తే ద్రోహం చేసినట్టుంటుంది. మీ ఉత్తరం నిండా ఉన్నది ఈ భావనే, ముందు దీన్ని గుర్తుపట్టండి.

అసలు అంతసేపు ఫోన్‌లో దేనికోసం వెతుకుతున్నారు? కొత్త సమాచారం కోసం అనుకుంటారు. నాకు తెలిసినంతలో ఈ స్థితిలో ఉన్నవాళ్లు వెతికేది 'ఇక ఫర్వాలేదు' అన్న ఒక్క మాట కోసం. ఎవరు గెలుస్తారో, యుద్ధం ఎటు పోతుందో ఇప్పుడే తేలిపోవాలి. అది రాసేవాళ్లకూ తెలియదు, నిర్ణయాలు తీసుకునేవాళ్లకూ చాలాసార్లు తెలియదు, మరి మీకు వార్తల్లో ఎలా దొరుకుతుంది? చూడగానే క్షణం పాటు ఊరట, ఆ వెంటనే అందులోంచే ఇంకో అనుమానం, దానికోసం ఇంకో వార్త. దురదపుట్టిన చోట గోకినట్టే, గోకినప్పుడు హాయిగానే ఉంటుంది గానీ దురద పెరుగుతుంది.

ఇందులో మీ తప్పు కొంతే. వార్తలకు ఒకప్పుడు ముగింపంటూ ఉండేది. 1930 ఏప్రిల్ 18న బీబీసీ రేడియోలో ఈ రోజు వార్తలేమీ లేవని చెప్పేసి పియానో సంగీతం వేశారు, ఇప్పుడది ఊహకు కూడా అందదు. 1980 జూన్ 1న సీఎన్‌ఎన్ మొదలయ్యాక 24 గంటల వార్తలొచ్చాయి. 2006లో ఆజా రాస్కిన్ అనే డిజైనర్ కిందికి జరిపేకొద్దీ పేజీ అయిపోకుండా వస్తూనే ఉండే పద్ధతి తయారుచేశాడు, దానివల్ల జనానికి జరిగిన నష్టం చూసి తర్వాత ఆయనే బాధపడ్డాడు. ఇక హెడ్డింగుల సంగతి. ఒక వెబ్‌సైట్‌లో వాడిన లక్షకు పైగా హెడ్డింగులను పరిశీలించి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, హెడ్డింగ్‌లో ఒక్కో ప్రతికూల పదం పెరిగేకొద్దీ క్లిక్‌లు 2.3 శాతం చొప్పున పెరిగాయని తేలింది. అంటే మీకు భయం పుట్టించే మాటే మీ ముందుకు ముందుగా వస్తుంది. ప్రపంచం అంతా అలాగే ఉందని మీకనిపించడంలో వింతేముంది.

ఇంకో పాత ప్రయోగం గురించి చెప్పాలి, ఎందుకంటే మీ పిల్లల భయానికి దానితో సంబంధం ఉంది. 1997లో బ్రిటన్‌లో ఇద్దరు సైకాలజిస్టులు మనుషులకు 14 నిమిషాల టీవీ వార్తలు చూపించారు, కొందరికి మంచివి, కొందరికి మామూలువి, కొందరికి చెడ్డవి. చెడ్డవార్తలు చూసినవాళ్లకు దిగులు, ఆందోళన పెరిగాయి, అది ఎవరైనా ఊహించేదే. ఊహించనిది ఏమిటంటే, ఆ తర్వాత వాళ్లు తమ సొంత విషయాలను, అంటే వార్తలతో ఏమాత్రం సంబంధం లేని ఇంటి బెంగలను కూడా మామూలుకంటే పెద్దవి చేసుకుని ఆలోచించారు. పిల్లల చదువు, మీ ఉద్యోగం, అమ్మానాన్నల ఆరోగ్యం గురించి ఈమధ్య మీ భయాలు పెరిగాయా లేదా ఒకసారి చూసుకోండి. పెరిగి ఉంటే అవన్నీ నిజంగా పెరిగిన సమస్యలు కాకపోవచ్చు.

2013లో బోస్టన్ మారథాన్ దగ్గర బాంబులు పేలాక అమెరికాలో నాలుగున్నర వేలమందికి పైగా అడిగి చూస్తే, ఆ వారమంతా రోజుకు ఆరుగంటలకు పైగా ఆ వార్తల్లోనే మునిగి ఉన్నవాళ్లకు, ఆ చోట ఉన్నవాళ్లకంటే కూడా ఎక్కువ ఒత్తిడి లక్షణాలు కనిపించాయి. ముందునుంచే ఆందోళన ఉన్నవాళ్లే ఎక్కువసేపు చూసి ఉండొచ్చు, అది కాదనలేం. ఏది ముందైనా ఒకదాన్ని ఒకటి పెంచుకుంటూ పోతాయి, మీ విషయంలో జరుగుతున్నదీ అదే.

ఇది జబ్బేనా? రాజకీయాల మీద ఆందోళన అని విడిగా జబ్బేమీ లేదు. కానీ ఆరునెలలకు పైగా, దాదాపు రోజూ, ఆపుకుందామన్నా ఆగని ఆందోళన ఉండి, దానికి తోడు నిద్ర పట్టకపోవడం, చిరాకు, మనసు నిలవకపోవడం, మెడా భుజాలూ బిగుసుకుపోవడం లాంటివి ఉంటే దాన్ని ఆందోళన జబ్బు కిందే చూస్తారు, దానికి చికిత్స ఉంది. మీరు రాసినవాటిలో కొన్ని ఆ లక్షణాలే కాబట్టి ఒకసారి డాక్టర్‌ను కలవండి. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించుకోండి, అది ఎక్కువైనా గుండెదడ, కంగారు, నిద్రలేమి ఇలాగే వస్తాయి.

ఇక చేయాల్సినవి. ఫోన్ పడకగదిలో ఉండకూడదు, అలారం కావాలంటే గడియారం పెట్టుకోండి. రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది, రానివ్వండి. ఆ చీకట్లో అందుబాటులో ఫోన్ లేకపోతే సగం యుద్ధం అక్కడే ఆగిపోతుంది. వార్తలకు రోజుకు రెండు సమయాలు పెట్టుకోండి, ఒక్కోటి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు, లేచిన వెంటనేదీ పడుకునే ముందుదీ కాకుండా. చదివేదైతే మంచిది, వీడియోల కంటే చదవడంలో కంగారు తక్కువ, నచ్చనిచోట కళ్లు ముందుకు జరపొచ్చు. ముగింపున్నదాన్ని ఎంచుకోండి: పేపరో, ఒక బులెటినో, అది అయిపోతే అయిపోయినట్టు. న్యూస్ యాప్‌ల నోటిఫికేషన్లు అన్నీ తీసేయండి. తుపాను, వరద లాంటి హెచ్చరికలు అధికారికంగా పంపే మెసేజ్‌లు మాత్రం ఉంచుకోండి, నిజంగా మీరు లేచి పరుగెత్తాల్సిన వార్తయితే అది ఏదో దారిలో మీ దాకా వచ్చే తీరుతుంది.

ఆ రెండు సమయాల మధ్యలో బెంగ వస్తుంది, తప్పకుండా వస్తుంది. దాన్ని అణచాలని చూడకండి, వాదించకండి కూడా. చిన్న కాగితం మీద ఒక ముక్క రాసుకుని, దీని సంగతి సాయంత్రం ఆరింటికి చూస్తానని వాయిదా వేయండి. టామ్ బోర్కోవెక్ అనే సైకాలజిస్ట్, ఆయనతో పనిచేసినవాళ్లు 1983లోనే ఈ పద్ధతి రాశారు: రోజూ ఒకే చోట, ఒకే సమయానికి అరగంట బెంగకే కేటాయించడం, మిగతా వేళల్లో వచ్చినదాన్ని ఆ అరగంటకు తోసేయడం. వినడానికి పిల్లాట లాగుంటుంది, పనిచేస్తుంది. ఆరింటికి ఆ కాగితం తీసి చూస్తే అందులో సగం మీకే అంత ముఖ్యం అనిపించవు. మిగిలినవాటిలో ఈ వారంలో నేను చేయగలిగింది ఏదైనా ఉందా అని ఒక్కొక్కదాన్నీ అడగండి. ఉంటే ఏరోజు, ఎన్నింటికి చేస్తారో రాయండి. లేకపోతే 'ఏమవుతుందో తెలియదు' అని రాసి అక్కడితో ఆపండి. ఆ మాట దగ్గర కూర్చోవడమే అన్నిటికంటే కష్టమైన పని, ఈ పద్ధతంతా ఆ ఓపిక నేర్పడానికే.

మొదటి రోజుల్లో ఇంకా ఎక్కువ ఇబ్బందిగా ఉంటుందని ముందే చెబుతున్నాను. చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోతుంది, ఈలోపు ఏదో ఘోరం జరిగిపోయే ఉంటుందని లోపల ఒకటే గోల. చూడకుండా ఉంటే ఆ కంగారు పెరిగి పెరిగి కొంతసేపటికి దానంతటదే దిగుతుంది, అలా దిగడం మీరు కొన్నిసార్లు స్వయంగా చూస్తేనే నమ్మకం వస్తుంది. ఇక్కడ చాలామంది చేసే ఒక పని గమనించండి. ఫోన్ చూడరు గానీ, ఏమైనా జరిగిందా అని ఇంట్లోవాళ్లను అడుగుతారు, ఆఫీసులో పక్కసీటువాళ్లను కదిలిస్తారు. అది కూడా చెక్ చేయడమే, వేరేవాళ్ల కళ్లతో. మీ ఆవిడకు చెప్పి ఉంచండి, అడిగినా జవాబివ్వొద్దని.

బాధ్యత మాటకు మళ్లీ వస్తాను. బ్రెట్ ఫోర్డ్ అనే పరిశోధకురాలు, ఆమె బృందం 2023లో ప్రచురించిన అధ్యయనంలో తేలిందేమిటంటే, రోజువారీ రాజకీయాల వల్ల కలిగే బాధను తగ్గించుకునే చిట్కాలు పాటించినవాళ్లు హాయిగా ఉన్నారు, కానీ రాజకీయంగా ఏదైనా చేయాలన్న పట్టుదల కూడా వాళ్లలో తగ్గింది. మీ భయం వట్టిది కాదన్నమాట, అందుకే మిమ్మల్ని మొద్దుబారిపోమని చెప్పను. లోకంలోని అన్ని సమస్యల్లోంచి ఒక్కదాన్ని ఎంచుకోండి, మీకు బాగా గుండెకు తగిలేదాన్ని. దానికి నెలలో కొన్ని గంటలు ఇవ్వండి. ఆ విషయం మీద పనిచేసే సంస్థకు సాయం, ఓటర్ల జాబితాలో పేర్లు లేనివాళ్లకు నమోదు చేయించడం, ప్రజాప్రతినిధికి అర్జీ, పబ్లిక్ మీటింగ్‌లో ఒక ప్రశ్న, మీకు చేతనైనదేదైనా. మిగతా సమస్యల్ని పట్టించుకునేవాళ్లు వేరే ఉన్నారని నమ్మండి, ఉన్నారు. వార్తలు చూసిన గంటలు మాత్రం ఈ లెక్కలోకి రావు.

అన్నయ్యగారి విషయం. 2017లో అమెరికాలో చేసిన సర్వేలో దాదాపు ఐదోవంతు మంది రాజకీయాల వల్ల నిద్ర పోయిందనో స్నేహాలు చెడ్డాయనో చెప్పారు, మీ ఇంట్లో జరిగింది ఎన్నో ఇళ్లలో జరుగుతోంది. ఆయనకు మెసేజ్ పెట్టకండి, ఫోన్ చేయండి. 'అన్నయ్యా, ఎలా ఉన్నావు, ఒంట్లో బాగుంటోందా' అని అడగండి. ఆ రోజు ఎవరిది కరెక్టో ఎత్తొద్దు, ఆయన ఎత్తినా 'అది ఇంకోసారి మాట్లాడుకుందాంలే' అనండి. గ్రూపును మ్యూట్‌లో పెట్టండి, ఆయన గొంతు మాత్రం వింటూ ఉండండి.

ప్రశ్న: అక్కా, మా నాన్నగారు రిటైర్ అయ్యాక రోజంతా టీవీ డిబేట్ల ముందే. వాటిలో వాళ్లు అరుస్తుంటే ఈయన ఇక్కడ అరుస్తారు. బీపీ ఉంది. అన్నం కూడా టీవీ ముందే. తప్పుడు వార్తలు ఫార్వర్డ్ చేస్తారు, అది అబద్ధం నాన్నా అని ఆధారం చూపిస్తే నామీద విరుచుకుపడతారు. రిమోట్ దాచేద్దామా అనుకుంటున్నాం.
— ఒక కూతురు

జవాబు: రిమోట్ దాచొద్దమ్మా. ఆయన పెద్దాయన, జీవితమంతా ఇల్లు నడిపిన మనిషి, చిన్నపిల్లాడిలా చూస్తే ఆ అవమానం ఇంకో కోపం అవుతుంది.

ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన మాటకు ఒక విలువుంది, అడిగేవాళ్లున్నారు. ఇప్పుడు ఆయన్ను రోజంతా పలకరిస్తున్నది ఆ టీవీ ఒక్కటే. ఆ డిబేట్‌లో పక్షం ఎంచుకుని వాదించడంలో ఆయనకు ఒక పని, ఒక జట్టు దొరికాయి. దాన్ని లాగేసుకుని ఖాళీ చేతుల్లో పెడితే ఏం చేస్తారు? ముందు ఆ సమయంలోకి ఇంకేదైనా రావాలి. ఆయనకు నిజంగా తెలిసిన పని అడగండి, లెక్కలు, కాగితాలు, మొక్కలు, పిల్లలకు చదువు చెప్పడం, ఏదో ఒకటి. ఊరికే కాలక్షేపానికి ఇస్తున్నారని ఆయనకు తెలిసిపోతుంది, కాబట్టి మీకు నిజంగా అవసరమైనదే అడగండి.

అబద్ధం నాన్నా అనడం కొన్నాళ్లు ఆపండి. నలుగురున్న గ్రూపులో అయితే అసలొద్దు. పక్కన కూర్చుని 'ఇది చూస్తే మీకేం భయమేస్తోంది నాన్నా' అని అడిగి చూడండి, అడిగి ఆయన చెప్పేదాకా ఊరుకోండి. మొదట్లో రాజకీయమే చెబుతారు. తర్వాత మనవల భవిష్యత్తో, పెన్షనో, తన ఆరోగ్యమో బయటికొస్తుంది. దాని గురించైతే మీరిద్దరూ ఒకే పక్షం.

అన్ని డిబేట్లూ ఒకేసారి ఆపమనకండి, పడుకునే ముందుదాన్ని ఒక్కదాన్ని మార్చండి, ఆ సమయంలో మీలో ఎవరో ఒకరు ఆయనతో నడకకు వెళ్లండి. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే ప్రశాంతంగా ఉన్నప్పుడు ఒకసారి, డిబేట్ అయ్యాక ఒకసారి ఆయన చేతే చూసుకోమనండి. తేడా వస్తే మీరు చెప్పక్కర్లేదు. మాత్రలు వేళకు పడుతున్నాయో లేదో మాత్రం మీరే చూసుకోవాలి. టీవీ గొడవలో పడి చాలా ఇళ్లలో అదే మరిచిపోతున్నారు.

ప్రశ్న: నేను వార్తలు చూడటం మొత్తం మానేశాను. మనసుకు హాయిగా ఉంది. కానీ ఫ్రెండ్స్ నన్ను స్వార్థపరురాలు అంటున్నారు. తప్పు చేస్తున్నానా?
— ఒక విద్యార్థిని

జవాబు: తప్పు చేయట్లేదు. వార్తలకు అప్పుడప్పుడైనా దూరంగా ఉంటున్నామని చెప్పినవాళ్లు రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ సర్వేలో 2017లో 29 శాతం ఉంటే 2024కి 39 శాతం అయ్యారు, అది చాలా దేశాల్లో కలిపి అడిగిన సర్వే. మీరొక్కరే కాదు.

అయితే పూర్తిగా మానేయడం ఎక్కువకాలం నిలవకపోవచ్చు, ఏదో ఒక పెద్ద సంఘటన జరగ్గానే మళ్లీ పాత అలవాటులో పడిపోయే ప్రమాదం ఉంది. అందుకని వారానికి ఒకసారి, ఆ వారంలో ఏం జరిగిందో తీరిగ్గా చదవండి. నాలుగైదు రోజులు ఆగితే సగం బ్రేకింగ్ న్యూస్‌లు వాటంతటవే రాలిపోతాయి, ఏది నిలిచిందో అదే చదువుతారు. ఫ్రెండ్స్‌కు ఆ మాటే చెప్పండి. ఓటు మాత్రం తెలుసుకుని వేయండి.

ప్రశ్న: మేడమ్, ఇది ఎవరికీ చెప్పలేదు. ప్రతి గంటకూ వార్తలు చెక్ చేయకపోతే మా అమ్మకు ఏదో అవుతుందని నాకు అనిపిస్తుంది. అందులో అర్థం లేదని తెలుసు. అయినా చూస్తాను, చూసిందే మళ్లీ చూస్తాను, సరిగ్గా చదివానో లేదో అని మొదటినుంచీ చదువుతాను. రోజులో చాలా గంటలు పోతున్నాయి. పిచ్చెక్కుతోందేమోనని భయంగా ఉంది.
— 23 ఏళ్ల యువకుడు

జవాబు: పిచ్చి కాదు నాన్నా, ఆ భయం ముందు వదిలెయ్. ఎవరికీ చెప్పనిది నాకు రాశావు, మంచి పని చేశావు.

నువ్వు రాసింది పైన రాసినవాళ్లందరి సమస్యకంటే వేరు. వాళ్లకు వార్తల్లో ఉన్న విషయం మీద బెంగ. నీకు చెక్ చేయకపోతే సంబంధం లేని ఇంకేదో కీడు జరుగుతుందన్న ఆలోచన, దాన్ని పోగొట్టుకోవడానికి మళ్లీ మళ్లీ చదవడం. అర్థం లేదని తెలిసీ ఆపలేకపోవడం, రోజులో గంటలు దానికే పోవడం చూస్తే ఇది ఓసీడీ, అంటే వద్దన్నా వచ్చే ఆలోచనలూ వాటికోసం చేసిందే చేయడమూ ఉండే జబ్బు, అయ్యే అవకాశం ఉంది. ఉత్తరం చూసి నేను తేల్చలేను, సైకియాట్రిస్టో క్లినికల్ సైకాలజిస్టో నిన్ను చూసి చెప్పాలి. ఓసీడీ అయితే దానికి ఈఆర్‌పీ అనే పద్ధతి ఉంది. భయపెట్టే ఆలోచనను రానిచ్చి, దానికి జవాబుగా చేసే పనిని మెల్లమెల్లగా, థెరపిస్ట్ తోడుగా ఆపుతూ వస్తారు. అవసరమైతే మందులు కూడా ఇస్తారు, అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో మానేయకూడదు.

పైన రాసిన అరగంట బెంగ పద్ధతిని నువ్వు సొంతంగా మొదలుపెట్టకు, కొందరిలో అదే ఇంకో ఆచారంగా మారుతుంది. చచ్చిపోవాలన్న ఆలోచనలేవైనా వస్తుంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకు, ఈరోజే ఇంట్లో ఒకరికి చెప్పి ఆస్పత్రికి వెళ్లు.

డాక్టర్ దగ్గర ఏం చెప్పాలో తడబాటుగా ఉంటుంది, నాకు రాసిన ఈ ఉత్తరాన్నే తీసుకెళ్లి చేతికివ్వు. దాని కింద రెండు విషయాలు రాసి పెట్టుకో: రోజులో ఎంతసేపు పోతోంది, ఎప్పట్నుంచి మొదలైంది. వార్తలే కాకుండా తాళాలు, చేతులు కడగడం, లెక్కపెట్టడం లాంటివి ఇంకేమైనా ఉంటే అవి కూడా రాయి. సిగ్గుపడి దాచొద్దు, వాళ్లు ఇలాంటివి రోజూ వింటారు.